పరిశోధనకు అడ్డొస్తున్న పరిశోధన

మన విశ్వవిద్యాలయాల్లో సైన్సు, ఇంజనీరింగ్ పరిశోధకులు సరిగా పనిచేయడం లేదని కొందరు పెద్దలు వాపోతున్నారు. ఇది ఘోరమైన అభియోగం. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాక చదువుల ఊరుగా పేరుపడిన వరంగల్‌లో, హనుమకొండ అద్దె గదుల్లో రాత్రి రెండింటిదాకా వెలిగే దీపాలను ఆ పెద్దలు చూసినట్టు లేరు. పరిశోధకులు అహర్నిశలు శ్రమిస్తూనే ఉన్నారు. ఆ శ్రమకు నడుమ నడుమ ప్రయోగశాల పని అడ్డు తగులుతున్నదన్నదే అసలు సమస్య.

ఫెలోషిప్‌నే తీసుకుందాం. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) 42,000. బతుకమ్మ పండుగకు ఊరికి పోతే "ఇంకా చదువుడేనా బిడ్డా?" అని అడిగే పెద్దమ్మలు సైతం ఈ అంకె వినగానే మెత్తబడతారు. అయితే నెలకు ఇంత అని ఉత్తర్వులో ఉన్నది గాని, నెలనెలా చేతికందుతుందని ఎవరూ ఒట్టు పెట్టలేదు. ఫలానా పరిశోధకుడు పనిలోనే ఉన్నాడని సంస్థలో 'మేకర్' అనే ఉద్యోగి ప్రతినెలా పోర్టల్‌లో ఎక్కించాలి, 'చెకర్' అనే మరొకరు దానిని ఖాయపరచాలి. మేకర్ సీట్లో ఉన్న వారం చెకర్ మేడారం జాతరకు పోతాడు. చెకర్ మొక్కు తీర్చుకుని వచ్చేసరికి మేకర్‌కు వేరే సెక్షన్‌కు బదిలీ అవుతుంది. ఈ ఇద్దరినీ ఒకే పూట ఒకే గదిలో దొరకబుచ్చుకోవడానికి కావలసిన పరిశీలనాశక్తి, ఓర్పు, సంభావ్యతా గణితం ఏ కోర్స్‌వర్క్‌లోనూ నేర్పరు.

ఎక్స్‌రేలతో పొడుల స్ఫటిక నిర్మాణాన్ని పరీక్షించే ఎక్స్‌ఆర్‌డీ యంత్రం ఇక్కడ మరమ్మతులో ఉంటే, శాంపిల్ సీసాలను టిఫిన్ డబ్బాలో సర్దుకుని కాజీపేటలో పొద్దుటి రైలెక్కి హైదరాబాద్‌లో స్లాట్ కోసం కాచుకోవడం అందరికీ తెలిసినదే కనుక విస్తరించను.

అసలైన సృజనాత్మకత పోలికల తనిఖీ దగ్గర బయటపడుతుంది. 2018 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక పది శాతం దాటకూడదు. అందరికీ తెలిసిన మాటలు వరుసగా పద్నాలుగు దాకా యాదృచ్ఛికంగా కలిస్తే మాత్రం క్షమిస్తారు. ఇప్పుడు ఒకే ల్యాబ్‌లో, ఒకే కొలిమిలో, ఒకే పొడిని సీనియర్ కాల్చినట్టే కాల్చిన జూనియర్ ఏం రాయాలి? "శాంపిల్‌ను 500 డిగ్రీల వద్ద నాలుగు గంటలు వేడిచేశాము" అన్న వాక్యం సీనియర్ ఎప్పుడో వాడేసుకున్నాడు. "నాలుగు గంటలపాటు శాంపిల్ 500 డిగ్రీల తాపానికి లోనైనది" అన్నది ఆయన ముందటి సీనియర్ సొత్తు. గత్యంతరం లేక మనవాడు "కొలిమి తన 500 డిగ్రీల ఉష్ణాన్ని నాలుగు గంటలసేపు శాంపిల్‌కు ప్రసాదించినది" అని రాస్తాడు. సాఫ్ట్‌వేర్ సంతోషిస్తుంది, గైడ్ సంతకం పెడతాడు, శాంపిల్ మాత్రం ముగ్గురి దగ్గరా ఒకే తీరుగా కాలింది. ఆ పొడి గురించి కొత్తగా ఏం తెలిసిందని తనిఖీలో ఎక్కడా అడగరు. అడిగితే పది శాతం కూడా మిగలదేమోనన్న దయ కావచ్చు.

2022 నాటి యూజీసీ నిబంధనలు పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువిచ్చి, తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్లకు వీలు కల్పించాయి. మేకర్‌నూ చెకర్‌నూ ఎరిగిన మహానుభావుడెవరో వాటిని రాసి ఉండాలి.

కాబట్టి నా ప్రతిపాదన ఒక్కటే. థీసిస్‌పై జరిపే మౌఖిక పరీక్ష అయిన వైవాకు బయటి రాష్ట్రం నుంచి ప్రొఫెసర్‌ను పిలిపించడం మాని, సెక్షన్ సూపరింటెండెంట్‌ను కూర్చోబెట్టాలి. ఏ ఫైలు ఏ బల్లమీద ఎందుకాగిందో, ఎవరి చేత ఎలా కదిలించారో ఆయన అడగాలి. అభ్యర్థి అప్పుడు నోట్స్ చూడకుండా, పీపీటీ అవసరం లేకుండా, కళ్లలో నీళ్లు తిరిగేంత తాదాత్మ్యంతో జవాబు చెబుతాడు.

ఉద్యోగపర్వానికీ ఈ శిక్షణే పనికొస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే, కొత్త డాక్టరు గారు పార్ట్‌టైమ్ పాఠాలు చెప్పుకుంటూ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తారు. ఎన్నాళ్లకో అది వచ్చినప్పుడు పీహెచ్‌డీ ఒరిజినల్ పట్టా జతచేయమంటారు. పట్టా కాన్వొకేషన్‌లో ఇస్తారు. కాన్వొకేషన్ తేదీ ఫైలు ప్రస్తుతం సర్క్యులేషన్‌లో ఉన్నది.