శిక్షణ ఒక్కటే చాలదు
మూడు నెలల శిక్షణ ఇప్పిస్తే సోలార్ రంగంలో కుర్రాళ్లకు ఉద్యోగాలు వాటంతటవే వస్తాయని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మా తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయ్యాక సోలార్ పలకలు బిగించడం నేర్పే ప్రభుత్వ కోర్సు సూర్యమిత్ర కూడా చేశాడు. 600 గంటలు, ఉండటం తినడం అంతా ఉచితం, అందులో వంక పెట్టడానికేం లేదు. కానీ వాళ్ల బ్యాచ్ మొత్తానికీ వైర్లకు కనెక్టర్లు నొక్కి బిగించే (క్రింపింగ్) పనిముట్టు ఒక్కటే ఉండేదట. తర్వాత ఓ కాంట్రాక్టరు దగ్గర చేరితే మొదటిరోజే మే నెల ఎండలో రేకుల కప్పు ఎక్కించారు, నడుముకు బెల్టు కూడా లేకుండా. క్రింపింగ్ వదులుగా ఉంటే జాయింటు వేడెక్కి కరిగిపోతుందని వాడికి నేర్పింది అక్కడి పాత మేస్త్రీయే. ఇక కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గరి వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు లాంటివి చూపించి ఉపాధి అంటారు గానీ, జనం కావాల్సింది కట్టేటప్పుడే. ఆ తర్వాత ఎక్కువగా మిగిలేది పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా. పని నేర్చినవాడికి ఏళ్ల తరబడి పని దొరికేది ఇళ్ల డాబాల మీదే. పీఎం సూర్యఘర్ పథకం కింద కోటి ఇళ్లకు పలకలు పెడతామని 2024లో మొదలుపెట్టారు, 3 కిలోవాట్లకు కేంద్రం 78 వేల సబ్సిడీ ఇస్తోంది. అంత డబ్బు ఇచ్చేటప్పుడు, బిగించిన మనిషికి సర్టిఫికెట్ ఉందా అని గట్టిగా అడిగితే ఆ కాగితానికి విలువ వస్తుంది. ప్రస్తుతానికైతే మా వాడికీ, మొన్న చేరిన హెల్పరుకీ రోజుకూలి ఒక్కటే.