వాడు విప్పితే ఇంజనీర్, అది విప్పితే పాడుచేసింది

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా పాప మాట్లాడే బొమ్మ వీపు విప్పేసింది.

దానికి ఏడేళ్ళు. కొన్నాళ్ళుగా ఆ బొమ్మ గొంతు మారింది. ఇదివరకు పొట్ట నొక్కితే సన్నటి గొంతుతో గలగలా మాట్లాడేది. ఈమధ్య అవే మాటలు బొంగురుగా, సాగదీసి సాగదీసి, కునుకులోంచి లేపిన తాతగారిలా అంటోంది. మేమందరం రెండు రోజులు నవ్వుకుని మర్చిపోయాం. అది మర్చిపోలేదు. లోపల ఎవరైనా ఉన్నారా, వాళ్ళకి జలుబు చేసిందా అని చూడాలనుకుందట.

గౌను తీస్తే వీపు మీద లోతు గుంటల్లో నాలుగు స్క్రూలు. నా టూల్ బాక్సులోంచి సన్న స్టార్ స్క్రూడ్రైవర్ తెచ్చుకుంది. మూడు వచ్చాయి. నాలుగోదాని తల అరిగిపోయింది. దాని జోలికి పోకుండా మూత పక్కనుంచి గోరు దూర్చి పైకి లేపింది. లోపల చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద స్పీకరు, చిన్న ఆకుపచ్చ బోర్డు, బోర్డు మధ్యలో ఎండిపోయిన తారు చుక్కలాంటి నల్లటి బొట్టు. ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు. ఎర్రది ఎక్కడిదాకా పోతుందో చూద్దామని లాగింది. ఊడి చేతికొచ్చింది. బొమ్మ పూర్తిగా మూగబోయింది.

సరిగ్గా అప్పుడే మా అత్తయ్య హాల్లోకి వచ్చారు. "అయ్యో, బంగారంలాంటి బొమ్మని పాడుచేశావే! ఆడపిల్లవి, వస్తువుని కాస్త పదిలంగా ఉంచుకోవద్దూ?"

అత్తయ్య చెడ్డావిడ కాదు. మనవరాలంటే ప్రాణం. కానీ ఇదే హాల్లో మూడేళ్ళ కిందట మా బాబు రిమోట్ కారుని ముక్కలు ముక్కలుగా విప్పినప్పుడు ఇదే అత్తయ్య మా ఆడపడుచుకి ఫోన్ చేసి మరీ చెప్పారు. "వీడు ఇంజనీరే అవుతాడే, రాసిపెట్టుకో!" ఆ కారు మళ్ళీ నడవలేదు. దాని మోటారూ రెండు చక్రాలూ ఇప్పటికీ సొరుగులో దొర్లుతున్నాయి. "పాడుచేశాడు" అన్న మాట ఆ రోజు ఎవరి నోటా రాలేదు.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. అత్తయ్య కంటే ముందు నా నోట్లోంచి వచ్చిన మాట, "ఎందుకు విప్పావే?" సర్క్యూట్లతో పనిచేసి జీతం తీసుకునేదాన్ని నేను! రెండు రోజులుగా ఆ మాటే గొంతులో ముల్లులా ఉంది. ఎవరినో తిడదామని ఈ పోస్టు మొదలుపెట్టలేదు. సరే, దారిలో కొంచెం తిడతాను కూడా.

పని ఒకటే, పేర్లు రెండు. వాడు విప్పితే తెలివి, అది విప్పితే అల్లరి. వాడి చేతికి మసి అంటితే ముద్దు, దీని గౌనుకి అంటితే గొడవ. (మన భాషే అలా ఉంది లెండి. మగపిల్లాణ్ణి "వాడు" అంటాం, ఆడపిల్లని "అది" అంటాం, కుర్చీని అన్నట్టు. నేనూ ఈ పోస్టు నిండా అదే అంటున్నాను. ప్రేమగానే అంటాం, నిజమే. అయినా ఒక్కోసారి చెవిలో గుచ్చుకుంటుంది.)

పెద్దవాళ్ళ ఈ రెండు నాలుకల ధోరణి నేను మా ఇంట్లో కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1978లో స్మిత్, లాయిడ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆరు నెలల పాపాయిలకి ఒకసారి మగపిల్లాడి బట్టలు, ఒకసారి ఆడపిల్ల బట్టలు వేసి, ముక్కూమొహం తెలియని తల్లుల చేతుల్లో పెట్టారు. మగపిల్లాడనుకున్న బిడ్డకి ఎక్కువమంది ముందు సుత్తి బొమ్మ అందించారు. ఆడపిల్ల అనుకున్న బిడ్డకి పాప బొమ్మ. ఆరు నెలల బిడ్డ తనకేం కావాలో చెప్పిందా? ఆ తల్లుల్ని అడిగి ఉంటే మాత్రం "వాడికి సుత్తంటే ఎంతిష్టమో!" అని ఉండేవాళ్ళేమో.

"ఎంత చెప్పినా అది సహజమండీ, ఆడపిల్లలకి బొమ్మలు, మగపిల్లలకి బండ్లు" అనేవాళ్ళు కామెంట్లలో వస్తారని తెలుసు. సగటున ఇష్టాల్లో కొంత తేడా ఉందంటే నేను వాదించను. కానీ అంత సహజమే అయితే డబ్బా మీద అచ్చువేసి చెప్పాల్సిన పనేముంది? ఎలిజబెత్ స్వీట్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో సియర్స్ కంపెనీ పాత కేటలాగుల్లో బొమ్మల ప్రకటనలు తిరగేశారు. 1975 నాటి కేటలాగులో ఇది అబ్బాయిలకి, ఇది అమ్మాయిలకి అని బాహాటంగా చెప్పి అమ్మినవి 2 శాతం కూడా లేవు. 1995 వచ్చేసరికి దాదాపు సగం. అంతకుముందు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ ఈ గీత గట్టిగానే ఉండేది, మధ్యలో చెరిగింది, మళ్ళీ గీశారు. ఇరవై ఏళ్ళలో పిల్లల పుట్టుక మారిపోదు కదా. మారింది అమ్మకం. ఒకే ఇంట్లో అన్నకి కొన్నది చెల్లెలికి పనికిరాకుండా చేస్తే రెండు డబ్బాలు అమ్ముడుపోతాయి. గులాబీ రంగు గొడవా అంతే. 1918లో అమెరికాలో పిల్లల బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి, గులాబీ గట్టి రంగు కాబట్టి మగపిల్లలకి, నీలం సున్నితం కాబట్టి ఆడపిల్లలకి అని రాసింది!

అయినా నా గొడవ రంగుతో కాదు, పాప బొమ్మలతోనూ కాదు. బొమ్మకి కథ చెప్పి, జడ వేసి, జ్వరం చూసే పిల్ల చాలా నేర్చుకుంటుంది. నా గొడవ లెక్కతో. పోయిన పుట్టినరోజుకి మా పాపకి వచ్చిన గిఫ్టులు నేను కూర్చుని లెక్కపెట్టాను. మూడు పాప బొమ్మలు, రెండు మేకప్ సెట్లు, ఒక టీ సెట్టు, పూసల పెట్టె, మెరుపుల బ్యాగు. స్క్రూ ఉన్నది ఒక్కటి లేదు. బాబుకి వచ్చినవాటిలో బిల్డింగ్ సెట్లే నాలుగు, అందులో రెండు ఒకటే మోడల్. ఇలా ఒక పుట్టినరోజు కాదు, పది గడుస్తాయి. పదేళ్ళలో ఒకళ్ళకి వందల గంటల ప్రాక్టీసు, ఇంకొకళ్ళకి సున్నా. ఆ తర్వాత పదిహేనో ఏట అడుగుతాం, "ఏమ్మా, నీకు మెషీన్లంటే ఇంట్రెస్ట్ లేదా?" అని.

ఆ సున్నా ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో డ్రాయింగ్ క్లాసు. ఒక దిమ్మె ఫ్రంట్ వ్యూ, టాప్ వ్యూ ఇచ్చి, దాన్ని ఐసోమెట్రిక్‌లో, అంటే మూడు వైపులూ ఒకేసారి కనబడేలా గీయమనేవారు. నా పక్క బెంచీ అబ్బాయిలు షీటు మీద పెన్సిల్ పెట్టేసరికి నేను ఇంకా ఆ దిమ్మెని బుర్రలో తిప్పలేక చస్తూ ఉండేదాన్ని. ఎటు తిప్పినా వెనకవైపు మాయమైపోయేది. మా సారు నా షీటు పైకెత్తి క్లాసంతటికీ చూపించి, "లెక్కల్లో ఫస్టు, ఇందులో గుడ్డు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, హాస్టల్‌కి పోయి ఏడ్చాను. నాకు ఆ తెలివి పుట్టుకతో లేదు, అంతే అనుకున్నాను. చివరికి నన్ను గట్టెక్కించింది సబ్బు బిళ్ళ. మా రూమ్మేట్ సబ్బుని బ్లేడుతో ఆ దిమ్మె ఆకారంలో కోసి చేతిలో పెట్టింది. తిప్పి చూస్తూ గీశాను. రెండు నెలలు, పది పన్నెండు సబ్బులు. ఆ తర్వాత సబ్బు అక్కర్లేకపోయింది.

చాలా ఏళ్ళ తర్వాత షెరిల్ సోర్బీ అనే అమెరికన్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ గురించి చదివాను. ఆవిడా ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఇదే సబ్జెక్టులో తంటాలు పడ్డారట. 1993లో మిషిగన్ టెక్ యూనివర్సిటీలో, వస్తువుల్ని బుర్రలో తిప్పి చూసే పరీక్షలో వెనకబడిన విద్యార్థుల కోసం చిన్న కోర్సు మొదలుపెట్టారు. బ్లాకులు పట్టుకోవడం, గీయడం, తిప్పడం. కోర్సు చేసినవాళ్ళ మార్కులు పెరిగాయి. చేసిన అమ్మాయిలు మధ్యలో ఇంజనీరింగ్ వదిలేయడం తగ్గింది. 2013లో 217 అధ్యయనాల్ని ఒకచోట చేర్చి చూసినప్పుడూ తేలింది అదే. ఈ నైపుణ్యం సాధనతో పెరుగుతుంది, పెరిగింది నిలుస్తుంది. అది చదివిన రోజు ఆ సారు మీద ఉన్న కోపం కంటే ఆ పక్క బెంచీ వాళ్ళ మీద అసూయ ఎక్కువైంది. వాళ్ళది తెలివి కాదు, నాలుగేళ్ళ వయసు నుంచి నేల మీద పరుచుకుని ఆడిన బ్లాకులు. నేను పద్దెనిమిదేళ్ళకి సబ్బుతో మొదలుపెట్టాను.

మరి ఆడపిల్లల కోసం "ఇంజనీరింగ్ బొమ్మలు" వస్తున్నాయిగా అంటారు. వస్తున్నాయి. 2012లో డెబ్బీ స్టర్లింగ్ అనే ఇంజనీరు గోల్డీబ్లాక్స్ అనే బొమ్మల కంపెనీ పెట్టారు, కథ చదువుతూ కప్పీలు, బెల్టులు బిగించే సెట్లు. నాకు నచ్చింది. అదే ఏడు ప్లాస్టిక్ ఇటుకల ఆట చేసే లెగో కంపెనీ "ఫ్రెండ్స్" అని ఆడపిల్లలకి వేరే లైను తెచ్చింది, బ్యూటీ పార్లరు, కేఫ్ వగైరా. తమాషా ఏంటంటే అదే లెగో 1974లో డబ్బాలో పెట్టిన చీటీలో, కల్పించాలనే కోరిక పిల్లలందరిలో ఒకేలా బలంగా ఉంటుంది, ఏది కట్టాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి అని తల్లిదండ్రులకి రాసింది. ఆ చీటీ మళ్ళీ వేస్తే చాలు. గులాబీ డ్రిల్లింగ్ మెషీన్ చూస్తే నాకు కొంచెం చిరాకే. ఉత్తినే గిర్రున తిరిగే ప్లాస్టిక్ మర అది. నిజంగా ఏ కన్నమూ పెట్టదు. దానికంటే అసలు స్క్రూడ్రైవరూ ఒక పాత గోడ గడియారమూ నయం.

డబ్బా మీద ఏం రాసి ఉన్నా పట్టించుకోని పిల్లలు ఎప్పుడూ ఉన్నారు. ఫ్రాంక్ హోర్న్‌బీ 1901లో పేటెంటు తీసుకున్న ఇనప బద్దీలు, నట్లు, బోల్టుల ఆట తర్వాత మెకానో అయింది. ప్రకటనల్లో "అబ్బాయిల కోసం ఇంజనీరింగ్" అని ఉండేది. ఇంగ్లండులో 1909లో పుట్టిన బియాట్రిస్ షిల్లింగ్ తన పాకెట్ మనీతో ఆ మెకానోలే కొనుక్కునేది. పద్నాలుగేళ్ళకి పాత మోటార్ సైకిలు కొని విప్పి బిగించింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలకి ఒక ప్రాణాంతకమైన జబ్బు ఉండేది. ముక్కు ఒక్కసారిగా కిందికి వంచి దూకితే ఇంజను గుటకలు మింగేది. ఇంజనుకి పెట్రోలూ గాలీ కలిపి అందించే కార్బ్యురేటర్‌లోకి పెట్రోలు అతిగా పొంగి ఇంజను ఆగిపోయేది. వెంట తరిమే జర్మన్ విమానాల్లో పెట్రోలుని నేరుగా ఇంజనులోకి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్, వాటికి ఈ బాధ లేదు. కొత్త కార్బ్యురేటర్ తయారయ్యేదాకా ఆగే టైము లేదు. షిల్లింగ్ కనిపెట్టింది మధ్యలో సన్న కన్నం ఉన్న చిన్న ఇత్తడి ముక్క. ఇంజను గరిష్ఠ శక్తితో నడవడానికి ఎంత కావాలో అంతకు మించి పెట్రోలు దాటనివ్వదు. 1941లో తన బృందంతో విమానాశ్రయాలు తిరిగి వాటిని బిగించేసింది. పెద్ద లెక్కలు తెలిసినవాళ్ళు ఎందరో ఉన్నారు, కానీ ఇలాంటి పరిష్కారం నట్లూ బోల్టులతో చిన్నప్పటి నుంచీ చెలిమి ఉన్న చేతికే తడుతుందని నా నమ్మకం.

షిల్లింగ్ లాంటి మొండిఘటాలు డబ్బాని దాటుకుని వస్తారు. నాకు బెంగ మొండిఘటాల గురించి కాదు. "ఎందుకు విప్పావే" అనగానే స్క్రూడ్రైవర్ కింద పెట్టేసే మామూలు పిల్లల గురించి. ఆదివారం మా పాప చేసింది అదే. అంతకుముందు మెరిసిన మొహం ఒక్క క్షణంలో వాడిపోయింది. "సారీ అమ్మా" అంది. ఏం తప్పు చేసిందని సారీ? 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో అయిదేళ్ళ ఆడపిల్లలు "చాలా చాలా తెలివైనవాళ్ళు ఎవరు" అంటే తమవాళ్ళనే చూపించారు. ఆరేడేళ్ళకి ఆ చూపుడువేలు తగ్గింది. తెలివైనవాళ్ళ ఆట అని చెబితే ఆ ఆటకి వెనకాడటమూ మొదలైంది. ఆ ఆరో ఏడు, ఏడో ఏడు మధ్యలో ఇళ్ళల్లో ఏమవుతుందో నాకు ఆదివారం ప్రత్యక్షంగా కనబడింది. అయ్యేది నా నోటి నుంచే.

(బాబు సంగతీ ఒక్క మాట. వాడు నాలుగేళ్ళప్పుడు చెల్లెలి బొమ్మకి అన్నం తినిపిస్తుంటే ఎవరో "ఏంట్రా, ఆడపిల్లలా" అన్నారు. ఆ తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు. వాడి దగ్గర్నుంచి లాక్కున్నదీ తక్కువేం కాదు. దాని మీద ఇంకో పోస్టు రాయాలి.)

మాట్లాడే బొమ్మ అనగానే గుర్తొచ్చింది. 1992లో వచ్చిన టీన్ టాక్ బార్బీ బొమ్మల్లో కొన్ని "లెక్కల క్లాసు కష్టం" అనేవి. గోల అయ్యాక కంపెనీ ఆ వాక్యాన్ని తీసేసింది. మరుసటి ఏడు కొందరు కొంటె కళాకారులు ఆ బార్బీల మాటల పెట్టెలూ, జీఐ జో సైనికుల బొమ్మల మాటల పెట్టెలూ విప్పి అటుదిటు ఇటుదటు మార్చి, చడీచప్పుడు లేకుండా మళ్ళీ షాపుల్లో పెట్టేశారు. పిల్లలు ఇంటికెళ్ళి నొక్కితే బార్బీ పగతీర్చుకుంటానని గర్జించింది, సైనికుడు పెళ్ళి ముచ్చట్లు చెప్పాడు. ఇది మా పాపకి చెప్పానా, పొట్ట పట్టుకుని నవ్వింది. "అంటే వాళ్ళూ వీపు విప్పారా?" అంది.

విప్పారమ్మా, స్క్రూలు విప్పకుండా ఎలా?

సాయంత్రం సోల్డరింగ్ ఐరన్ వేడిచేశాను. వైరు అది పట్టుకుంది, టంకం నేను పెట్టాను. గొంతు ఎందుకు బొంగురుపోయిందో అప్పుడు చెప్పాను. ఆ నల్ల బొట్టు కింద చిప్పు ఉంటుంది, మాటల్ని ఒక వేగంతో చదువుతుంది, బ్యాటరీ నీరసిస్తే ఆ వేగం తగ్గుతుంది, నెమ్మదిగా చదివితే గొంతు లావవుతుంది. "అయితే జలుబు కాదు, ఆకలి" అంది. కొత్త బ్యాటరీలు వేసి నొక్కితే బొమ్మ పాత గొంతుతో గలగలమంది. దానికి ఆనందం అయిదు నిమిషాలే. పాత బ్యాటరీలే మళ్ళీ వెయ్యి, తాతగారి గొంతే బాగుంది అని ఒకటే గోల.

అత్తయ్య ఇదంతా సోఫాలోంచి చూస్తూనే ఉన్నారు. ఏమీ అనలేదు. రాత్రి పడుకోబోయే ముందు తన టార్చిలైటు తెచ్చి పాప చేతిలో పెట్టారు. "ఇది వెలిగి వెలిగి ఆరిపోతోందే, ఓసారి చూడు."

బొమ్మ వీపుకి ఇప్పుడు మూడే స్క్రూలున్నాయి. అందులో ఒకటి అరిగిపోయినది. నాలుగోది సోఫా కిందెక్కడో ఉంది.