టాటా వాళ్ళు ఆ మాట అనలేదండి బాబూ

మన వైజాగ్ వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ తిరుగుతోంది ఆ మెసేజ్. "రోజూ 40 నిమిషాలు ప్రాణాయామం చేస్తే బ్రెస్ట్ క్యాన్సర్ గడ్డ దానంతటదే కరిగిపోతుంది, కీమో అక్కర్లేదు, టాటా వాళ్ళే ప్రూవ్ చేశారు, ఆక్సిజన్ ఎక్కువైతే క్యాన్సర్ చచ్చిపోతుంది, అసలీ జబ్బు వచ్చేదే ఆడవాళ్ళ టెన్షన్ వల్ల" అని. యోగా మీద నాకేం కోపం లేదండి, 2025 యోగా డేకి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా చాపలు పరిచిన జనం మనం.

ముందు టాటా సంగతి. ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళ స్టడీ ఉన్నమాట నిజమే, 2022లో బయటపెట్టారు, సుమారు 850 మంది బ్రెస్ట్ క్యాన్సర్ ఆడవాళ్ళ మీద. కానీ అందులో రెండు గ్రూపులకీ మామూలుగా జరగాల్సిన ట్రీట్‌మెంట్ జరిగింది, ఒక గ్రూపుకి దాంతోపాటు యోగా కూడా నేర్పారు, అంతే, కీమో మానేసి యోగా మాత్రమే చేసిన గ్రూపు అసలు లేనేలేదు. ఆ టాటా వాళ్ళ ఆసుపత్రే మన అగనంపూడిలో ఉంది కదా, హోమీ భాభా, అక్కడ కీమో ఇస్తున్నారో ప్రాణాయామం చేయించి పంపేస్తున్నారో ఎవర్నడిగినా చెప్తారు. ట్రీట్‌మెంట్ వద్దని వేరే వైద్యాలతోనే సరిపెట్టుకున్న వాళ్ళ మీద అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన స్టడీ ఉంది, బ్రెస్ట్ క్యాన్సర్‌లో అలాంటివాళ్ళు చనిపోయే రిస్కు మామూలు ట్రీట్‌మెంట్ తీసుకున్నవాళ్ళకంటే 5 రెట్లకు పైనే తేలింది.

ఆక్సిజన్ ముక్క గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వేలికి క్లిప్ పెట్టి చూస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి రక్తంలో ఆక్సిజన్ ముందే 95 శాతం పైన ఉంటుంది, ఎంత గాలి పీల్చినా 100 దాటదు, ఇంక ప్రాణాయామంతో ఎక్కువయ్యేదేముంది?

నాకు ఒళ్ళు మండేది ఆఖరి ముక్కకి. టెన్షన్ వల్ల వచ్చిందట! యూరప్‌లో లక్షకు పైగా మందిని పెట్టి చూస్తే ఉద్యోగం టెన్షన్‌కీ బ్రెస్ట్ క్యాన్సర్‌కీ లింకు దొరకలేదు, 2013లోనే వచ్చింది ఆ రిపోర్టు. ఇది చదివిన ఆవిడ ఏమనుకోవాలి, నా జబ్బు నేనే తెచ్చుకున్నాననా? శ్రీకాకుళం అవతల నుంచి తెల్లారకుండా బస్సెక్కి వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వచ్చే మనిషికి టెన్షన్ ఉండదా మరి, స్కాన్ రిపోర్ట్ ఏమొస్తుందో, పిల్లలకి ఇంటికాడ అన్నం ఎవరు వండుతారో, ఉచిత వైద్యం కార్డు మీద అప్రూవల్ వస్తుందో రాదో, జుట్టు ఊడాక చుట్టాల పెళ్ళికి ఎలా వెళ్ళాలో. ఈ టెన్షన్ జబ్బుతో వచ్చింది, జబ్బుని తేలేదు.

యోగా నిజంగా పనికొచ్చేది ఇక్కడే, మెసేజ్‌లో ఆ మాటే లేదు. 2014లో అమెరికాలో ట్రీట్‌మెంట్ అయిపోయిన 200 మంది బ్రెస్ట్ క్యాన్సర్ ఆడవాళ్ళని తీసుకుని సగం మందికి 12 వారాలు హఠయోగం నేర్పితే మూడు నెలల తర్వాత కూడా వాళ్ళకి నీరసం తక్కువగా ఉంది. 2023లో అక్కడి క్యాన్సర్ డాక్టర్ల సంఘం గైడ్‌లైన్స్‌లో కూడా ఆందోళన, డిప్రెషన్ తగ్గడానికి బ్రెస్ట్ క్యాన్సర్ పేషెంట్లకి యోగా చెప్పొచ్చని రాశారు. గడ్డ కరగడానికని కాదు.

ఇంకోటి, యూట్యూబ్ చూసి ఏది పడితే అది చెయ్యకండమ్మా. చంకలో గ్రంథులు తీసేసినవాళ్ళు ఆ చేతి మీద బరువు వేసే ఆసనాలు, క్యాన్సర్ ఎముకలకి పాకినవాళ్ళు నడుం వంచి మెలితిప్పేవి, ప్లేట్‌లెట్స్ పడిపోయినప్పుడు బ్యాలెన్స్ తప్పి పడిపోయేవి, ఇవన్నీ మీ డాక్టర్‌ని అడక్కుండా వద్దు. కీమో అయిన వారంలో లేవలేకపోతే కుర్చీలో కూర్చుని నెమ్మదిగా ఊపిరి తీసుకున్నా చాలు, అదీ చెయ్యబుద్ధి కాకపోతే పడుకోండి.