పెళ్లికొడుకు గడ్డానికి పాట ఉచితం

పాట వినడం నేరం కాదు. తలుపేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ కుక్కుకుని వింటే ప్రభుత్వానికి ఏ అభ్యంతరమూ లేదు. అదే పాట పక్కవాడి చెవినీ పడిందంటే మాత్రం 1957 నాటి కాపీరైట్ చట్టం లేచి కూర్చుంటుంది. అది లేచాక ఏమవుతుందో ఈ దేశంలో కత్తెర పట్టిన ప్రతివాడూ తెలుసుకోవాలి.

కత్తెర అని ఎందుకన్నానంటే, మా వీధి చివర మూడు కుర్చీల సెలూన్ ఒకటుంది. అద్దం పైన అరలో, పౌడర్ డబ్బాకీ దేవుడి పటానికీ మధ్య ఒక రేడియో. యాంటెన్నా విరిగితే సైకిల్ చువ్వ కట్టారు. పొద్దున్న షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా ఎఫ్ఎం మోగుతూనే ఉంటుంది. యజమాని లెక్కలో అంతా సవ్యంగానే ఉంది. రేడియో కొన్నాడు, కరెంటు బిల్లు కడుతున్నాడు, పాటకు రావాల్సిన రాయల్టీ ఏదో స్టేషన్ వాళ్లు కట్టే ఉంటారు. అమాయకుడు! స్టేషన్ కట్టేది ప్రసారం చేసినందుకు. దాన్ని మొహానికి నురగ పూసుకుని కూర్చున్న ముగ్గురికి వినిపించి వ్యాపారం చేసుకుంటే, ఆ లెక్క వేరని హక్కుదారుల మాట.

పోనీ రేడియో తీసేసి ఫోన్‌లో పాటలు పెడితే? అప్పుడు లెక్క ఇంకా స్పష్టం. పాట చట్టానికి ఒకటిగా కనపడదు. సాహిత్యానికీ బాణీకీ ఒక హక్కు, రికార్డింగ్‌కు ఇంకో హక్కు. హక్కుదారుల తరఫున లైసెన్సు ఇచ్చి ఫీజు వసూలు చేసే సంస్థలూ రెండు: మొదటిదానికి 1969లో పుట్టిన ఐపీఆర్ఎస్, రెండోదానికి 1941 నుంచీ ఉన్న పీపీఎల్. కొన్ని కంపెనీల పాటల కోసం ఇంకో గుమ్మం ఎక్కాలి. కాదని మొండికేస్తే 63వ సెక్షన్ ఉంది: ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. మా సెలూన్‌లో కటింగ్ నూట ఇరవై. గడ్డం అరవై.

పాట రాసినవాళ్లకు డబ్బు రావద్దని ఎవరూ అనరు. హిట్టయిన పాటకు కవి చేతికి ఒకసారి చెక్కు ఇచ్చి దండం పెట్టేసే రోజుల్ని 2012 సవరణ కొంత మార్చింది, మంచిదే. పాడినవాళ్లకూ ఈ చట్టం మినహాయింపు ఇవ్వదు. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా నుంచి లాయర్ నోటీసు వెళ్లింది. ఆయన మిగతా కచేరీల్లో వేరే పాటలు పాడుకున్నారు. బాలుగారికే తప్పనిది సైకిల్ చువ్వ రేడియోకి తప్పుతుందా?

అయితే చట్టానికి గుండె లేదనుకోకండి. 52వ సెక్షన్‌లో ఒక మూలన అది దాచిపెట్టి ఉంది. నిజమైన మతపరమైన వేడుకలో పాట వేస్తే ఉల్లంఘన కాదు. ప్రభుత్వం చేసే అధికారిక వేడుకలోనూ కాదు. పెళ్లి ఊరేగింపూ, పెళ్లికి సంబంధించిన ఇతర సంబరాలూ మతపరమైన వేడుక కిందికే వస్తాయని వివరణ కూడా రాశారు. పెళ్లిళ్లలో పాటలకు రాయల్టీ అడగొద్దని 2023 జులైలో కేంద్రం పబ్లిక్ నోటీసు ఇచ్చి మరీ గుర్తుచేసింది.

ఈ సెక్షన్‌ని సెలూన్‌కి అన్వయించి చూశాను. పసివాడికి పుట్టువెంట్రుకలు తీస్తున్నారనుకోండి. అది నిస్సందేహంగా మతపరమైన కార్యక్రమం, మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకుంటాడు కూడా. పాట వేసుకోవచ్చు. పక్క కుర్చీలో అదే మేనమామ తన జుట్టు కూడా కాస్త పొట్టి చేయించుకున్నాడా, అది వ్యాపారం. పాట ఆపాలి. పెళ్లికొడుకు ముహూర్తానికి ముందు గడ్డం గీయించుకుంటే పెళ్లి సంబరం. తోడొచ్చిన స్నేహితుడు గీయించుకుంటే లైసెన్సు. మొక్కు తీర్చుకోవడానికి గుండు చేయించుకుంటే మాఫీ, ఎండాకాలం ఉక్కకు తట్టుకోలేక చేయించుకుంటే ఫీజు. గుండు అదే, కత్తి అదే, పాట అదే. కాబట్టి ప్రతి సెలూన్‌లోనూ భక్తినీ ఉక్కపోతనూ వేరు చేసి రాసే రిజిస్టర్ ఒకటి పెట్టాలని నా మొదటి సిఫారసు.

ఇక రెండోది, శబ్దం. ముగ్గురికి వినిపించే రేడియోకి ఇంత తతంగం కదా, మూడు వీధులకు వినిపించే బరాత్ డీజేకి? రాయల్టీ లేదు. పెళ్లి కదా! శబ్దం సంగతి వేరే నియమాలు చూసుకుంటాయి. 2000 నాటి ఆ నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. మా ఇంట్లో టీవీ రిమోట్ కనపడకపోతేనే 55 దాటిపోతుంది. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మైకు బంద్. ఏడాదికి 15 రోజులు మించకుండా పండగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలే వద్దని 2024లో హైదరాబాద్ పోలీసులు నిషేధం కూడా పెట్టారు. రూల్స్‌కి ఏం కొదవ లేదు. కానీ లారీ మీద ఆరు బాక్సులు పేర్చిన బండి వీధిలోకి వచ్చి, గిన్నెల స్టాండులో గరిటెలు వాటంతటవే ఎగురుతున్నప్పుడు, 100కి ఫోన్ చేసి మాట్లాడితే అవతలివాళ్లకు ఒక్క ముక్క వినపడదు. ఫిర్యాదు నమోదు కాకపోవడానికి ఇంతకంటే సాంకేతిక కారణం ఏముంటుంది?

వెనకటి పద్ధతే నయం. 1933 నాటి వైర్‌లెస్ చట్టం కింద రేడియో ఇంట్లో ఉంటేనే లైసెన్సు ఉండాలి. పోస్టాఫీసుకు వెళ్లి ఏటా రెన్యువల్ చేయించుకుని ఆ చిన్న పుస్తకాన్ని రేషన్ కార్డు పక్కన భద్రంగా పెట్టుకునేవాళ్లు. హోటల్లో పెడితే రుసుము ఎక్కువ. 1980లలో అదంతా ఎత్తేశారు. అప్పట్లో కనీసం ఏ గుమ్మానికి వెళ్లాలో తెలిసేది.

ఇదంతా మొన్న కటింగ్‌కి వెళ్లినప్పుడు యజమానికి విడమర్చి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, మెడ చుట్టూ గుడ్డ బిగించాడు, రేడియో సౌండ్ ఇంకాస్త పెంచాడు.

"ఎవరైనా వచ్చి అడిగితే పెళ్లికొడుకునని చెప్పండి సార్" అన్నాడు.

చట్టరీత్యా పకడ్బందీ ఏర్పాటే. మా ఆవిడకు ఎవరు చెప్పాలన్నది మాత్రం 52వ సెక్షన్‌లో లేదు.