మాత్ర పేరు అడగండి, కొలెస్ట్రాల్ అంకె ఒక్కటే చూడకండి

గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే కొలెస్ట్రాల్ పెరుగుతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. అది సగం నిజం, మిగతా సగం టెన్షన్. ఏ మాత్ర, ఏ కొలెస్ట్రాల్ అన్నది చెప్పకుండా ఆ మాటకు అర్థమే లేదు.

లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష రిపోర్టు తీసి చూడండి. ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ అనే రెండు రకాల కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లనే మరో కొవ్వు వేర్వేరు వరసల్లో ఉంటాయి. మాత్రలోని ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ కాలేయం మీద పనిచేసి చెడ్డదనే ఎల్‌డీఎల్‌ను తగ్గిస్తుంది, మంచిదనే హెచ్‌డీఎల్‌ను పెంచుతుంది, వాటితోపాటు ట్రైగ్లిజరైడ్లనూ పెంచుతుంది. దానికి జతగా ఉండే ప్రొజెస్టిన్ అనే రెండో హార్మోన్‌తోనే అసలు తేడా వస్తుంది. లెవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ రకానికి కొంత మగ హార్మోన్ గుణం ఉంది, అందుకే హెచ్‌డీఎల్‌ను కిందికి లాగుతుంది. డెసోజెస్ట్రెల్, డ్రోస్పైరెనాన్‌లకు ఆ గుణం లేదు, లేదా చాలా తక్కువ. అవి ఉన్న మాత్రలతో హెచ్‌డీఎల్ పెరుగుతుంది.

అయితే రెండో రకమే మేలు కదా అనిపిస్తుంది. ఇక్కడే పప్పులో కాలేస్తాం. లెవోనార్జెస్ట్రెల్ మాత్రలు వాడే 10,000 మందిలో ఏడాదికి 5 నుంచి 7 మందికి సిరల్లో రక్తం గడ్డకడుతుందని అంచనా. రిపోర్టు అందంగా చూపించే డెసోజెస్ట్రెల్, డ్రోస్పైరెనాన్ మాత్రలతో ఆ సంఖ్య 9 నుంచి 12. లిపిడ్ రిపోర్టు చూసి మాత్ర ఎంచుకునేవాళ్లు ఈ లెక్క చూడకుండానే నిర్ణయం తీసేసుకుంటున్నారు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఈ మార్పులు చిన్నవే, అందరికీ ముందస్తు లిపిడ్ పరీక్ష అక్కర్లేదని వైద్యులంటారు. నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ట్రైగ్లిజరైడ్లు ముందే బాగా ఎక్కువున్న స్త్రీకి ఈస్ట్రోజెన్ ఇస్తే అవి ఇంకా ఎగబాకి క్లోమం వాచే ప్రమాదం ఉంది. ఇంట్లో ఎవరికైనా ట్రైగ్లిజరైడ్ల సమస్య ఉందా, బీపీ ఎంత, 35 దాటాక కూడా సిగరెట్ తాగుతున్నారా అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు కూడా దొరకకపోవడమే నా బాధ.

ఇది కొత్త బాధేమీ కాదు. 1960లో అమెరికా అనుమతించిన తొలి మాత్ర ఎనోవిడ్‌లో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు. నేటి మాత్రల్లో ఎక్కువగా 20 నుంచి 35 మాత్రమే. 1970లో గర్భనిరోధక మాత్రల ప్రమాదాలపై అమెరికా సెనేట్ విచారణ జరిపినప్పుడు, వాటిని మింగిన ఆడవాళ్లలో ఒక్కరినీ సాక్షిగా పిలవలేదు. ప్రేక్షకుల వరసల్లోంచి వాళ్లే లేచి, మమ్మల్ని ఎందుకు అడగరని నిలదీశారు. ముప్పులు చెప్పే కాగితం మాత్రల పెట్టెలో తప్పనిసరిగా పెట్టాలన్న ఆదేశం ఆ ఏడాదే వచ్చింది.