సగం లెక్కతో రైతును ఒప్పించొద్దు

మిర్చి ధర పడిన ప్రతిసారీ గుంటూరులో ఒక మాట మళ్లీ లేస్తోంది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో ఉన్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నుంచి దేశం బయటికి రావాలట. దానివల్ల రూపాయి కాస్త పడినా మేలేనట, డాలర్లకు అమ్ముడయ్యే తేజ రకం మిర్చికి ఎక్కువ రూపాయలు చేతికొస్తాయట. సభల్లో, టీవీ చర్చల్లో బాధ్యత గల నాయకులే ఇంత తేలిగ్గా మాట్లాడుతుంటే మౌనంగా ఊరుకోలేం. ఇది సగం లెక్క. రైతుకు జమ పద్దు చూపించి ఖర్చు పద్దు దాచేయడం.

2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఆ సరకుల ఒప్పందం తర్వాత మన వాణిజ్య లోటు పెరిగింది, ఒప్పందంలో లేని మూడో దేశం సరకు దొడ్డిదారిన వస్తోందన్న ఫిర్యాదూ ఉత్తిది కాదు. అయితే ఒప్పందాన్ని సవరించమనడం వేరు, వదిలేయమనడం వేరు.

వదిలేస్తే ఏమవుతుందో బ్రిటన్‌ను చూస్తే తెలుస్తుంది. 2016 జూన్ 23 రాత్రి, ఐరోపా సమాఖ్యలో ఉండాలా వద్దా అన్న ఓట్ల లెక్కింపు మొదలైనప్పుడు పౌండు 1.50 డాలర్ల దగ్గర ఉంది. తెల్లవారేసరికి 1.32కు జారి 31 ఏళ్ల కనిష్ఠాన్ని తాకింది. అప్పటికి ఒక్క సుంకం మారలేదు, రేవులో ఒక్క లారీ ఆగలేదు. బ్రిటన్ సమాఖ్య నుంచి వైదొలగింది 2020 జనవరి 31న, ఉమ్మడి మార్కెట్‌కు దూరమైంది ఆ ఏడాది చివర. కరెన్సీ మాత్రం నాలుగున్నరేళ్ల ముందే దెబ్బతింది. రేపు ఎగుమతులు తగ్గుతాయని, పెట్టుబడులు రావని అనుమానం పుడితే చాలు, కరెన్సీ మార్కెట్ ఆ నష్టాన్ని ఇవాళే రేటులో కోసేస్తుంది. బయటికెళ్లాక చూసుకుందాంలే అనుకునే వ్యవధి ఎవరికీ ఇవ్వదు.

పౌండు చవకైంది కదా, ఎగుమతులు దూసుకెళ్లాలి. వెళ్లలేదు. అక్కడ తయారయ్యే కార్లలో విడిభాగాలు చాలావరకు బయటి నుంచి వచ్చేవే కాబట్టి వాటి ఖరీదూ పెరిగింది. ద్రవ్యోల్బణం 2016 జూన్‌లో 0.5 శాతం, 2017 నవంబరుకు 3.1 శాతం. కూలి పెరిగిన దానికంటే ధరలు వేగంగా పెరిగాయి. ఓటుకు ముందు మాత్రం ఎర్ర బస్సు మీద రాసి ఊరూరా తిప్పిన లెక్క ఒక్కటే: వారానికి 35 కోట్ల పౌండ్లు బ్రసెల్స్‌కు, అంటే ఐరోపా సమాఖ్యకు, పోతున్నాయి. బ్రిటన్‌కు దక్కే రాయితీని అందులో తీసేయలేదు. గణాంకాల సంస్థే తప్పుపట్టినా బస్సు ఆగలేదు. అదీ సగం లెక్కే.

సుంకం కంటే కాగితాల దెబ్బ గట్టిది. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్, ఐరోపాల మధ్య కుదిరిన ఒప్పందంలో సుంకం సున్నా. కానీ ఆ సున్నా దక్కాలంటే సరకు ఎక్కడ పుట్టిందో రుజువు చూపాలి. మాంసం, పాలు, చేపలకు పశువైద్యుడో అధీకృత అధికారో సంతకం పెట్టిన ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఒకే లారీలో నలుగురి సరకు ఎక్కిస్తే ఒకరి పత్రంలో తప్పుకు మిగతా ముగ్గురి సరకూ ఆగుతుంది. బతికున్న ఆల్చిప్పల సంగతి మరీ ఘోరం. అంత శుభ్రం కాని రెండో శ్రేణి (క్లాస్ బి) నీళ్లలో పట్టి శుద్ధి చేయని వాటిని ఐరోపా బయటి దేశాల నుంచి కొనదు. బ్రిటన్ బయటి దేశమైన మరుక్షణం ఆ వ్యాపారానికి తలుపు మూసుకుపోయింది. పౌండు ఎంత పడితే మాత్రం ఏం లాభం, కొనడానికే వీల్లేని సరకుకు చవక ధరతో పనేముంది? దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని బ్రిటన్ బడ్జెట్ బాధ్యత కార్యాలయమే అంచనా కట్టింది.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. క్వింటా 12 వేలకు అమ్ముతున్నామనుకుందాం. డాలరు 10 శాతం ప్రియమైతే 13,200 రావాలి. కానీ కొనేవాడి ఫోన్‌లోనూ డాలరు రేటు కనిపిస్తుంది. వెంటనే బేరం తగ్గించమంటాడు, లాభంలో సగం అడిగితే రైతు వైపు మిగిలేది 600. డాలరు రేటును ముందే ఖాయం చేసుకునే ఫార్వర్డ్ కవర్‌ను పాత రేటుకు తీసుకున్న ఎగుమతిదారుకు ఆ 600 కూడా కనిపించదు. పైగా యార్డులోకి టిక్కీలు (మిర్చి బస్తాలు) పోటెత్తేది ఫిబ్రవరి నుంచి మే వరకే. రూపాయి ఆ తర్వాత పడితే కోల్డ్ స్టోరేజీలో సరకున్నవాడికే లాభం. అప్పటికే అమ్ముకున్న చిన్న రైతుకు దక్కేది శూన్యం.

ఖర్చు పద్దులో ఈ బేరాలేమీ ఉండవు. పొటాష్ మనం మొత్తం దిగుమతి చేసుకునేదే. డీఏపీ ఇక్కడ తయారైనా ముడిసరకు చాలావరకు బయటిదే. ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే, అది ట్రాక్టరు డీజిల్లో, చెన్నై రేవుకు వెళ్లే లారీ బాడుగలో తేలుతుంది. ఓడ కిరాయి డాలర్లలోనే కట్టాలి. తేజను భారీగా కొనే చైనా అసలు ఈ ఒప్పందంలోనే లేదు. మలేసియా, ఇండోనేసియా, థాయిలాండ్ ఉన్నాయి. ఒప్పందాన్ని వదిలేస్తే సరకు భారత్‌లో పుట్టిందని చూపడానికి మన ఎగుమతిదారు తీసుకెళ్లే ఫారం ఏఐ చిత్తుకాగితం అవుతుంది, ఆ దేశాలు సాధారణ సుంకం వేసుకోవచ్చు.

చవక పామాయిల్ దిగుమతుల పేరు చెప్పి ఒప్పందాన్ని తిట్టేవారి మాట ఇంకా అన్యాయం. పామాయిల్ తోటల రైతు గోడు నిజమే. కానీ ముడి పామాయిల్‌పై ఒప్పందం అనుమతించే గరిష్ఠ సుంకం 37.5 శాతం. 2025 మే చివర ఢిల్లీ దాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించింది. తగ్గించమని ఆసియాన్ చేయి పట్టుకోలేదు. పెంచుకునే వీలు చేతిలో ఉండగా నేరం ఒప్పందం మీదికి నెట్టడం జనాన్ని మోసగించడమే. దొంగ పత్రాలతో వచ్చే సరకును పట్టుకోవడానికి 2020 సెప్టెంబరు నుంచే కస్టమ్స్ నిబంధనలున్నాయి. 35 శాతం విలువ ఒప్పందంలోని దేశాల్లోనే చేరిందా లేదా అని దిగుమతిదారును నిలదీయవచ్చు. ఆ పని రేవుల్లో గట్టిగా చేయించమని అడిగే నాయకుడు కనపడడు.

కోపంతో బయటికి నడిచినవాళ్లే తలుపు పూర్తిగా మూసుకోలేదు. మాలి, బుర్కినాఫాసో, నైజర్ 2025 జనవరి 29న పశ్చిమాఫ్రికా దేశాల ఆర్థిక కూటమి ఎకోవాస్‌ను వదిలేశాయి. యూరోకు ముడిపడిన ఉమ్మడి సీఎఫ్ఏ ఫ్రాంకును, దాని చుట్టూ ఉన్న కస్టమ్స్ సంఘాన్ని మాత్రం వదల్లేదు. పౌండులా కూలకుండా వాటి కరెన్సీని నిలబెట్టింది ఆ ముడే. రూపాయికి అలాంటి ఆసరా లేదు.

ఒప్పందం వద్దనే నాయకులు మూడు పద్దులు బయటపెట్టాలి. ఏ దేశం తన సుంకాల జాబితాలో మన ఎండుమిర్చిని ఎక్కడ ఉంచింది, ఒప్పందం పోతే అది ఎంతకు పెరుగుతుంది? రూపాయి 10 శాతం పడితే ఎకరా మిర్చికి ఎరువు, మందు, డీజిల్ ఖర్చు ఎంత పెరుగుతుంది? విజయవాడ దగ్గరి గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లో నూనె డబ్బా ధర ఎంతకు చేరుతుంది? ఇవి చెప్పకుండా మిర్చి రైతు ముందు మైకు పట్టుకునే హక్కు మీకు లేదు.