ఫొటో ఎవరు తీశారని అడిగితే నేను నెగటివ్ మనిషినట!

పొద్దున్నే మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫొటో పడింది. నల్లరాతి అప్సరస, వీణ వాయిస్తోంది. ఒంటి మీద రాతి చీర, ఆ చీరలోంచి లోపలి నగలు కూడా కనిపిస్తున్నాయి. కింద ఇలా రాసి ఉంది: "1,200 ఏళ్ల నాటి మన శిల్పుల అద్భుతం. ఏ మీడియా చూపించదు. గర్వపడితే షేర్ చేయండి." ఏ ఊరో లేదు, ఏ గుడో లేదు. పంపింది మా పెదనాన్న. నేను చూసేసరికే గ్రూపంతా దండాలతో నిండిపోయింది.

పెద్దది చేసి చూశాను. అప్సరస ఎడమ చేతికి ఆరు వేళ్లు. ఆ ఆరో వేలు బొటనవేలి పక్కనుంచి మొలిచి, మెల్లగా పాకి వీణ తీగలో కలిసిపోయింది. వెనక గోడ మీద ఏదో శాసనం. తెలుగు కాదు, కన్నడం కాదు, వరసగా జిలేబీలు చుట్టి పెట్టారు. "పెదనాన్నా, ఈ ఫొటో ఎవరు తీశారండీ? ఇది ఏఐతో చేసిన బొమ్మ, వేళ్లు చూడండి" అని మర్యాదగానే పెట్టాను. వెంటనే మా బావ దిగాడు: "ఆరు వేళ్లున్నవాళ్లు ఉండరా ఏంటి? మా ఆఫీసులోనే ఒకాయనకి ఉన్నాయి." ఆ తర్వాత పెదనాన్న: "నీకు అన్నిట్లో తప్పులే కనిపిస్తాయిరా. చిన్నప్పట్నుంచీ అంతే, నెగటివ్."

సరే, నేను నెగటివే. మరి మీ పాజిటివ్ వాళ్లలో ఒక్కరైనా రామప్ప గుడికి వెళ్లారా? 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడ నల్లరాతి మదనికలు, అంటే అందగత్తెల శిల్పాలు, నిజంగానే ఉన్నాయి, ఒక్కొక్కరికీ లెక్కగా అయిదేసి వేళ్లతో. హైదరాబాద్ నుంచి పొద్దున్న బయల్దేరితే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. మాలో సగం మంది అమెరికా వెళ్లి నయాగరా ముందు రెయిన్‌కోటు వేసుకుని ఫొటో దిగొచ్చారు కానీ ఆ గుడి ఉన్న పాలంపేట ఎటుందో తెలీదు. కట్టించిన దొర పేరు కాదు, దేవుడి పేరూ కాదు, చెక్కిన శిల్పి రామప్ప పేరు మీద పిలుచుకునే గుడి అని చెబుతారు. అలాంటి గుడి ఉన్న నేల మీద కూర్చుని, పేరూ ఊరూ లేని బొమ్మకి దండాలు పెడుతున్నాం.

ఈ జబ్బు మనకొక్కళ్లకే కాదు లెండి. ఇటలీలో నేపుల్స్‌లో సాన్‌సెవెరో అనే చిన్న చాపెల్, అంటే ప్రార్థన మందిరం, ఉంది. అందులో చనిపోయిన క్రీస్తు పాలరాతి విగ్రహం, మీద పల్చటి ముసుగు. ముసుగు కింద నుదుటి మీద ఉబ్బిన నరం తెలుస్తుంది. చేతుల్లో మేకుల గాయాలు తెలుస్తాయి. ముసుగుతో సహా మొత్తం ఒకటే రాయి. 1753లో గ్యుసెప్పె సన్మార్తీనో చెక్కాడు, అప్పటికి ముప్పై మూడేళ్ల కుర్రాడు. మరి ఊళ్లో జనం ఏమన్నారు? చెక్కించిన ప్రిన్స్ రైమొందో ది సాంగ్రోకి రసవాదం వచ్చుననీ, నిజం బట్ట కప్పి ఏదో ద్రావకం పోసి రాయి చేసేశాడనీ! ముసుగు కూడా పాలరాతిదే అని ఆయన డబ్బు కట్టిన నాటి కాగితంలోనే ఉంది. అయినా ఎవడిక్కావాలి? కుర్రాడి ఉలికి వచ్చే మార్కులన్నీ దొరగారి మంత్రానికి వేసేశారు.

అదే చాపెల్ నేలమాళిగలో రెండు అస్థిపంజరాలున్నాయి, ఒక ఆడ, ఒక మగ. వాటి చుట్టూ రక్తనాళాలన్నీ సన్నటి వలలా అల్లుకుని ఉంటాయి. దొర తన నౌకర్లని చంపి నరాల్లోకి లోహం ఎక్కించాడని రెండొందల ఏళ్లకి పైగా చెప్పుకున్నారు. తీరా పరీక్ష చేస్తే తేలిందేంటి? ఎముకలు మాత్రం నిజం, నాళాలు ఇనప తీగ, తేనెమైనం, పట్టుదారం. గ్యుసెప్పె సలెర్నో అనే పలెర్మో డాక్టరు ఓపిగ్గా చుట్టుకుంటూ కూర్చుని చేసిన పని. నాకైతే హత్య కథ కంటే ఆ మైనం కథే పెద్ద వింత. కానీ మైనం అంటే ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు, హత్య అంటే చేస్తారు.

నేపుల్స్ దాకా ఎందుకు, మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ లేదూ? మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ వెళ్లినప్పుడు కొన్నాడు. మా పిల్లలతో వెళ్లినప్పుడు ఆ బొమ్మ ముందు ఒకాయన తన ఇంటావిడతో "చూడు, రాయి మీద నిజం బట్ట కప్పారు" అంటున్నాడు. పక్కనే బోర్డు మీద శిల్పి పేరుంది, బెంజోనీ అని. చదివితే సొమ్మేం పోతుంది? చదవరు. గబగబా గడియారం దగ్గరికి పరిగెత్తి, బొమ్మ గంట కొట్టేదాకా కూర్చుంటారు.

ఇప్పుడు రెండో రకం మొదలైంది. నిజం ఫొటో పెడితే "ఏఐ కదా బ్రో" అంటారు. 2024లో మైల్స్ ఆస్ట్రే అనే ఆయన ఒక పోటీలో ఏఐ విభాగానికి అచ్చమైన కెమెరా ఫొటో పంపాడు. ఒక ఫ్లెమింగో తల వంచి పొట్ట గోక్కుంటోంది, మనకి మాత్రం తల లేని గులాబీ బంతికి కాళ్లొచ్చినట్టు కనిపిస్తుంది. జడ్జీలు మూడో బహుమతి ఇచ్చారు, జనం ఓట్లలోనూ అదే గెలిచింది. నిజం ఫొటో అని చెప్పాక బహుమతి తీసేశారనుకోండి, అది వేరే సంగతి. అంతకు ముందేడు బోరిస్ ఎల్డాగ్‌సెన్ అనే జర్మన్ సరిగ్గా ఉల్టా చేశాడు, ఏఐ బొమ్మతో ఫొటో బహుమతి గెలిచి వద్దు పొమ్మన్నాడు. ఇద్దరికీ నా నమస్కారం. మా గ్రూపులో చేర్చుకోవాలని ఉంది, ఒంటరిగా ఉన్నాను.

అసలు నా కడుపుమంట ఆరు వేళ్ల అప్సరస మీద కాదు. పాతది ఒకటుంది.

గోల్కొండ నయా ఖిల్లా లోపల ఒక బావోబాబ్ చెట్టుంది. హతియాన్ కా ఝాడ్ అంటారు, ఏనుగు చెట్టు. ఆఫ్రికా జాతి చెట్టు, కుతుబ్‌షాహీల కాలంలో ఎవరో తెచ్చి ఇచ్చారని చెబుతారు. మాను చుట్టూ తిరగడానికే టైమ్ పడుతుంది, మధ్యలో మనుషులు దూరేంత తొర్ర. ఎండ ఏటవాలుగా పడే టైమ్ కోసం కాచుక్కూర్చుని దానికి ఒక ఫొటో తీశాను. తొర్రలో ఒక బడిపిల్లాడు కూర్చున్నాడు, మొహం చీకట్లో ఉంది, ఒళ్లో ఛోటా భీమ్ బ్యాగు. కింద చిన్న అక్షరాల్లో నా పేరేసి పెట్టాను.

కొన్నాళ్లకి అది నాకే ఫార్వర్డుగా వచ్చింది. ప్రపంచ వింతల పేరుతో లక్షల మంది ఫాలో అయ్యే ఒక పేజీ. నా పేరున్న కింది భాగం కత్తిరించేసి, చెట్టు నడుమ వాళ్ల లోగో గుద్దేశారు. పైన "మడగాస్కర్ అడవుల్లో 6,000 ఏళ్ల రాక్షస వృక్షం, లోపలికెళ్లినవాళ్లు తిరిగి రారు" అని. ఛోటా భీమ్ బ్యాగుతో మడగాస్కర్! కింద కామెంట్లు: "ప్రకృతి ముందు మనిషెంత", "మన దగ్గర ఇలాంటివి ఎందుకుండవో". ఇక్కడే ఉందిరా నాయనా, మెహదీపట్నం దాటితే ఎంతసేపు!

ఇండోనేసియాలో ఒక కోతి డేవిడ్ స్లేటర్ అనే ఫొటోగ్రాఫర్ కెమెరా నొక్కి సెల్ఫీ తీసుకుంది, గుర్తుందా? ఆ ఫొటో కాపీరైటు కోతిదేనని 2015లో పెటా అనే జంతు హక్కుల సంస్థ వాళ్లు అమెరికా కోర్టుకెళ్లారు. జంతువుకి ఆ హక్కు లేదని కోర్టు తేల్చింది కానీ, ఆ ఫొటో మీద ఇకముందు వచ్చేదాంట్లో 25 శాతం ఆ కోతుల సంరక్షణకి ఇస్తానని స్లేటర్ ఒప్పుకున్నాడు. అంటే కోతి ఫొటో తీస్తే లాయర్లొచ్చారు. నేను తీస్తే ఎవరొచ్చారు? మా బావ వచ్చాడు, "వైరల్ అయింది కదా, సంతోషించు" అనడానికి.

పేజీవాడికి మెసేజ్ పెట్టాను. "గూగుల్‌లో దొరికింది బ్రో, గూగుల్‌నే అడుగు" అన్నాడు. కామెంట్లో అసలు సంగతి రాస్తే బ్లాక్ చేశాడు. ఇప్పుడు నా ఫొటో నేను చూసుకోవాలంటే మా ఆవిడ ఫోన్ అడుక్కోవాలి. మొన్న అలాగే తీసుకుని చూద్దును కదా, ఆవిడ దానికి లవ్ కొట్టి ఉంది. ఇదేంటే అంటే, "చెట్టు బాగుంది కదండీ" అంది.